కుక్క చిగుళ్లు పాలిపోతే ఏం చేయాలి: రక్తం విరిగిపోయే జబ్బు నుంచి గట్టెక్కించే దారి

నిన్నటిదాకా గేటు దగ్గర గోల చేసిన మీ కుక్క ఇవాళ పిలిస్తే తోక ఒక్కటే ఆడించి పడుకునే ఉందనుకోండి. ముందు దాని పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. ట్యూబులైటు కింద రంగు తెలియదు, అరుగు మీదకి తీసుకొచ్చి పగటి వెలుతురులో చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు వస్తుంది. చిగుళ్లు పుట్టుకతో నల్లగా ఉండే కుక్కకైతే కింది కనురెప్ప లాగి లోపలి పొర చూడండి. అది సుద్దముక్కలా తెల్లగానో, పసుపు రాసినట్టో కనిపిస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపు చూద్దాంలే అనుకోకండి.

మేము అలా అనుకునే మూడు రోజులు పోగొట్టుకున్నాం. మాది కోనసీమలో కాలవ గట్టు మీద ఇల్లు. మా కుక్క పేరు చిన్ని, పామరేనియన్ క్రాసు, అప్పటికి 6 ఏళ్లు, 11 కిలోలు. ఒకరోజు పొద్దున పెరట్లో సిమెంటు గచ్చు మీద అది మూత్రం పోస్తే టీ డికాషన్ రంగులో ఉంది. ఎండలకి వేడి చేసిందిలే అని మజ్జిగ పట్టించాం. మర్నాడు కళ్లు పచ్చబడ్డాయి. "కామెర్లమ్మా, పసరు పోయించండి" అన్నారు తెలిసినవాళ్లు. పోయించాం. మూడో రోజు ఒకచోట చూపిస్తే రక్తం పరీక్ష చేయకుండానే లివర్ టానిక్కు, ఐరన్ ఇంజెక్షను ఇచ్చి పంపేశారు. నాలుగో రోజు ఇంకో డాక్టరు గారు సీబీపీ అనే రక్త కణాల పరీక్ష చేయించేసరికి హిమోగ్లోబిన్ 4 దగ్గర ఉంది. కుక్కకి ఉండాల్సింది 12 నుంచి 18.

"గాయం ఏమీ లేదు కదండీ, నెత్తురు ఎక్కడికి పోతోంది?" అని అడిగాను.

"ఎక్కడికీ పోవట్లేదమ్మా, ఒంట్లోనే విరిగిపోతోంది" అన్నారాయన.

ఈ జబ్బు మొత్తం ఆ మాటలోనే ఉంది. రోగాల్ని తరిమికొట్టాల్సిన రక్షణ వ్యవస్థ సొంత ఎర్ర కణాలనే పరాయివనుకుని వాటికి యాంటీబాడీలు అంటిస్తుంది. అలా గుర్తుపడ్డ కణాల్ని ప్లీహం, కాలేయం ఏరి ముక్కలు చేస్తాయి. కొన్ని రక్తనాళాల్లోనే పగిలిపోతాయి. విరిగిన కణాల్లోంచి వచ్చే బిలిరుబిన్ వల్లే కళ్లు పచ్చబడతాయి, మూత్రం రంగు మారుతుంది. అంటే పచ్చబడిన ప్రతి కుక్కకీ కాలేయం చెడినట్టు కాదు. దీన్ని డాక్టర్లు ఇమ్యూన్ మీడియేటెడ్ హీమోలిటిక్ అనీమియా అంటారు, చీటీ మీద ఐఎంహెచ్ఏ అని రాస్తారు. దాడి రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల మీద జరిగితే ఆ జబ్బుని ఐటీపీ అంటారు. అందులో పొట్ట చర్మం మీద, చిగుళ్ల మీద దోమ కుట్టినట్టు ఎర్ర చుక్కలు వస్తాయి, ముక్కులోంచి రక్తం కారుతుంది. రెండూ కలిసి వచ్చే కుక్కలూ ఉంటాయి.

డాక్టరు దగ్గర మీరు అడగాల్సినవి

మొదటి పరీక్ష సీబీపీ. దాంతోపాటు పీసీవీ తప్పకుండా అడగండి. రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంతో చెప్పే అంకె అది. కుక్కకి మామూలుగా 37 నుంచి 55 శాతం మధ్య ఉంటుంది. మీ ఊళ్లో పీసీవీ తీసే మిషను లేకపోతే హిమోగ్లోబిన్‌ని మూడుతో గుణించండి, దగ్గర దగ్గరగా అదే వస్తుంది. మన దగ్గర చాలామంది కుక్క రక్తాన్ని మనుషుల ల్యాబుకే పంపుతారు. ఆ మిషను మనిషి కణాల సైజుకి సెట్ చేసి ఉంటుంది, కుక్క ఎర్ర కణాలు అంతకన్నా చిన్నవి. ప్లేట్‌లెట్ల లెక్క ముఖ్యంగా తప్పుతుంది. అందుకని స్లైడు మీద స్మియర్ తీసి మైక్రోస్కోపులో కంటితో చూడమని అడగండి. మధ్యలో ఉండాల్సిన తెల్లటి మచ్చ లేకుండా గుండ్రటి గోళీల్లా ముడుచుకున్న కణాలు ఎక్కువగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

ఇంకో పరీక్షకి పైసా ఖర్చు లేదు. గాజు పలక మీద ఒక చుక్క రక్తంలో కొన్ని చుక్కల సెలైన్ కలిపి అటూ ఇటూ ఆడిస్తారు. చిన్ని రక్తానికి డాక్టరు గారు నా కళ్ల ముందే చేశారు. మామూలు రక్తమైతే పలచటి ఎర్రనీళ్లలా పరుచుకోవాలి. ఇది విరిగిన పాలలా రవ్వలు రవ్వలుగా ముద్దకట్టింది. ఎంత సెలైన్ కలిపినా ఆ రవ్వలు విడలేదు. కణాలు ఒకదానికొకటి యాంటీబాడీలతో అంటుకున్నాయని అర్థం. ఇలా స్పష్టంగా తేలని కుక్కలకి, కణాలకి యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ టెస్ట్ చేయిస్తారు.

తర్వాతి ప్రశ్న: ఇది దానంతటదే వచ్చిందా, వెనక వేరే కారణం ఉందా? మన డెల్టాలో ఈ ప్రశ్నని వదిలేయకూడదు. ఏడాది పొడుగునా తేమ, ఇంటింటికీ పశువుల పాక. గోమార్లనండి, పిడుదులనండి, ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు, కుక్కకి అవి పట్టని ఇల్లు లేదు. కుక్కల గోమారు మోసుకొచ్చే బబీసియా అనే పరాన్నజీవి ఎర్ర కణాల్లో దూరుతుంది, ఎర్లికియా అనే బ్యాక్టీరియా ప్లేట్‌లెట్లని పడగొడుతుంది. రెండూ రక్షణ వ్యవస్థని రెచ్చగొట్టి ఇదే జబ్బు తెప్పించగలవు. కాబట్టి స్మియర్‌తో సరిపెట్టకుండా వీలుంటే క్రిమి జన్యువుని వెతికే పీసీఆర్ పరీక్ష చేయించండి. స్మియర్‌లో కనిపించలేదంటే లేదని కాదు. ఎర్లికియాకి డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడతారు. బబీసియాలో రకాన్ని బట్టి మందు మారుతుంది: గిబ్సనై అనే చిన్న రకానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ జోడీ, పెద్ద రకానికి ఇమిడోకార్బ్ లాంటి ఇంజెక్షను. కారణాన్ని వదిలేసి స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

ఇంకో రెండు విషయాలు దాచకుండా చెప్పండి. గత నెలరోజుల్లో ఏ మందులు, ఏ టీకా వేశారో చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్స్ వల్ల కూడా ఇది రావచ్చు. అలాగే చుట్టుపక్కల చేలల్లో ఎలకల మందు పెట్టారేమో చెప్పండి. బ్రోమడయోలోన్ ఎర తిన్న కుక్కకీ, ఎర తిన్న ఎలకని తిన్న కుక్కకీ లోపల రక్తం కారి చిగుళ్లు ఇలాగే పాలిపోతాయి. దాని వైద్యం పూర్తిగా వేరు, విటమిన్ కె ఇవ్వాలి.

ఊళ్లో పశువుల ఆసుపత్రిలో ఇవన్నీ కుదరకపోతే కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం లాంటి పెద్ద ఊళ్లలో అడగండి. అక్కడా దారి దొరక్కపోతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. గన్నవరం అంటే మన పి.గన్నవరం అనుకునేరు, విజయవాడ పక్కది. బయల్దేరే ముందు ఫోన్ చేసి రక్తం ఎక్కించే వీలుందో లేదో కనుక్కోండి. పంటు మీద (రేవు దాటించే పడవ) గోదారి దాటి వెళ్లాల్సిన వాళ్లయితే ఆఖరి పంటు ఎన్నింటికో కూడా.

రక్తం ఎక్కించాల్సి వస్తే

అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. పీసీవీ 15 కంటే కిందకి పోవడం, కుక్క లేవలేకపోవడం, కూర్చున్నచోటే ఆయాసపడడం, ఇవన్నీ కలిపి చూస్తారు. చిన్నికి 12 ఉంది, నిలబడితే తూలిపోయేది.

రక్తం ఇచ్చే కుక్క 25 కిలోలు దాటి ఉండాలి, వయసు సుమారు 1 నుంచి 8 ఏళ్ల మధ్య ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, ఇంతకు ముందు దానికెప్పుడూ రక్తం ఎక్కించి ఉండకూడదు. లాబ్రడార్లు, జర్మన్ షెపర్డులు పెంచేవాళ్లని అడగండి. దాత కుక్కకి గోమార్ల జ్వరాల పరీక్ష చేయించకుండా మన ప్రాంతంలో రక్తం తీసుకోవద్దు. పైకి దుక్కలా ఉన్న కుక్క రక్తంలో కూడా ఎర్లికియా, బబీసియా నక్కి ఉంటాయి. కుక్కలకి మొదటిసారి ఎక్కించే రక్తం సాధారణంగా పెద్దగా తిప్పికొట్టదు. అయినా రెండు కుక్కల రక్తం పొసుగుతుందో చూసే క్రాస్ మ్యాచ్ చేసే వీలుంటే చేయించండి, రెండోసారైతే తప్పనిసరి. మొదటి అరగంట బొట్టు బొట్టుగా ఎక్కిస్తారు. ఆ అరగంట మీరు పక్కనే ఉండండి. ముఖం ఉబ్బినా, వణికినా, వాంతి చేసుకున్నా వెంటనే చెప్పాలి.

ఎక్కించిన రక్తం జబ్బుని తగ్గించదు, ఆ కొత్త కణాల్నీ ఒళ్లు విరిచేస్తూనే ఉంటుంది. మందులు పని మొదలుపెట్టేదాకా నాలుగు రోజులు గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువు కోసమే ఎక్కించేది. పీసీవీ 20కి ఎక్కి, రెండు రోజులకే 16కి దిగితే గుండె జారిపోతుంది. మాకూ అలాగే అయింది. ఇంకోసారి ఎక్కించాల్సి వచ్చినంత మాత్రాన కుక్క దక్కదని కాదు.

మందులు, వాటి లెక్క

ప్రధానమైన మందు రక్షణ వ్యవస్థ దాడిని అణిచే స్టెరాయిడ్, పేరు ప్రెడ్నిసొలోన్, మందుల షాపుల్లో వైసోలోన్ అని దొరికేదే. సాధారణంగా కిలోకి రోజుకి 2 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెడతారు. 25 కిలోలు దాటిన కుక్కలకి ఈ లెక్క ఎక్కువైపోతుంది కాబట్టి ఒంటి వైశాల్యాన్ని బట్టి తగ్గిస్తారు. డోసు డాక్టరు గారే చెప్పాలి. ఈ లెక్క మీరు చీటీ చదువుకోవడానికి మాత్రమే. పని కనిపించడానికి మూడు రోజుల నుంచి వారం పడుతుంది.

జబ్బు తీవ్రంగా ఉన్నా, వారం దాటినా రక్తం ఎక్కిస్తూనే ఉండాల్సి వచ్చినా రెండో మందు కలుపుతారు: అజాథయోప్రిన్, మైకోఫినోలేట్, సైక్లోస్పోరిన్, వీటిలో ఒకటి. అజాథయోప్రిన్ నెమ్మదిగా పనిచేస్తుంది, కాలేయం మీదా ఎముక మూలుగ మీదా దెబ్బ కొట్టగలదు. మొదటి రెండు నెలలూ రెండు వారాలకోసారి రక్త పరీక్ష తప్పదు. మైకోఫినోలేట్‌తో విరేచనాలు, సైక్లోస్పోరిన్‌తో వాంతులు కావచ్చు. అజాథయోప్రిన్, మైకోఫినోలేట్ మాత్రల్ని ఇంట్లో గర్భిణులు ముట్టుకోకూడదు. మిగతావాళ్లు కూడా గ్లౌజు వేసుకునే ఇవ్వండి, ముక్కలు చేయకండి.

మూడో మందు గురించి చాలామందికి తెలియదు, ప్రాణం తీసేది ఎక్కువగా అక్కడే. ఈ జబ్బులో నెత్తురు తక్కువై పోయే కుక్కల కంటే గడ్డకట్టి పోయేవి ఎక్కువ. ఒకవైపు కణాలు విరుగుతూనే ఉంటాయి, ఇంకోవైపు రక్తం గడ్డలు కట్టి ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. మొదటి రెండు వారాలూ ఈ ప్రమాదం తల మీద కత్తిలా ఉంటుంది. అందుకే గుండె జబ్బు మనుషులు వాడే క్లోపిడోగ్రెల్ లాంటిది ఇస్తారు. ప్లేట్‌లెట్లు 30 వేల కంటే తక్కువుంటే మాత్రం ఇవ్వరు. చీటీలో అది లేకపోతే "రక్తం గడ్డకట్టకుండా ఏమైనా ఇవ్వాలాండీ?" అని మర్యాదగా అడగండి. అడిగితే తప్పేం లేదు.

స్టెరాయిడ్ ఇస్తున్న కుక్కకి నొప్పి మాత్రలు మీ అంతట మీరు ఇవ్వొద్దు. మెలాక్సికామ్ కూడా కలిస్తే కడుపులో పుళ్లు పడి రక్తం కారుతుంది. మనుషుల బ్రూఫెన్, పారాసెటమాల్ అసలు దగ్గరికే రానీయకండి. మలం తారులా నల్లగా వస్తే అదే రోజు ఫోన్ చేయండి.

ఇంట్లో రోజూ చేసే పని

ఒక నోటుపుస్తకం కొనండి. పిల్లల రఫ్ నోట్సు చాలు. పొద్దున, సాయంత్రం చిగుళ్ల రంగు, మూత్రం రంగు, తిన్నదెంత, ఏ మాత్ర ఎన్నింటికి వేశారు, ఇవి రాయండి. మూత్రం రంగు తెలియడానికి పాత తెల్ల పంచె ముక్క దగ్గర పెట్టుకోండి. నిద్రపోతున్నప్పుడు పక్కటెముకలు లేచి పడడం ఒకసారి, అలా నిమిషంలో ఎన్నిసార్లో లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. రెండుసార్లు వరసగా 40 దాటితే అది ఆయాసమే. ఉన్నట్టుండి ఎగశ్వాస మొదలైనా, వెనక కాలు చల్లబడి ఈడుస్తున్నా అది గడ్డ కావచ్చు, అర్ధరాత్రైనా తీసుకెళ్లండి.

డాక్టరు గారు ఆ పుస్తకం చూసే చిన్నికి డోసు మార్చేవారు. ల్యాబు అంకె రాకముందే చిగుళ్ల రంగు మార్పు మాకు పుస్తకంలో కనిపించేది.

తిండి విషయంలో మన వంటిల్లే దీనికి పెద్ద గండం. చేపల పులుసు అన్నం, కోడికూర అడుగున మిగిలిన ముద్ద, ఆఖరికి ఉల్లిగారె ముక్క, అన్నిట్లో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఉడికించినా సరే కుక్క ఎర్ర కణాల్ని పగలగొడతాయి. అసలే కణాలు విరుగుతున్న కుక్కకి అది అగ్నికి ఆజ్యం పోసినట్టు. ఉప్పూ కారం వేయకముందే కోడి ముక్కలు విడిగా ఉడికించి, అన్నంలో గుడ్డుతో కలిపి పెట్టండి. ముల్లు తీసిన ఉడికించిన చేప మంచిదే. పచ్చిచేప తలకాయలు, పచ్చిమాంసం మాత్రం ఈ మందులు నడుస్తున్నంత కాలం వద్దు, రోగనిరోధకం అణిగి ఉంటుంది కాబట్టి చిన్న ఇన్ఫెక్షనూ పెద్దదవుతుంది. బీట్‌రూటు రసం, ఖర్జూరం, ఐరన్ టానిక్కు అని అందరూ చెబుతారు. విరిగిన కణాల్లోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది, ఇనుము చాలక వచ్చిన జబ్బు కాదు ఇది.

స్టెరాయిడ్ వల్ల విపరీతమైన ఆకలి, దాహం, మాటిమాటికీ మూత్రం, పొట్ట వేలాడడం, కాళ్లు సన్నబడడం ఉంటాయి. రాత్రి మంచం పక్కన మూత్రం పోసిందని కొట్టకండి, అది దాని చేతిలో లేదు. నీళ్లు తగ్గించొద్దు. పండగలకి చుట్టాలొస్తే గేటు దగ్గరే చెప్పేయండి, ఎవరూ ఏమీ పెట్టొద్దని. సంక్రాంతికి మా అమ్మ చిన్ని మెడలో పసుపుతాడుకి "నాకు ఏమీ పెట్టకండి" అని చీటీ కట్టింది, అది బాగా పనిచేసింది.

గోమార్ల సంగతి తేల్చకుండా ఎన్ని మందులు పోసినా బూడిదలో పోసినట్టే. కుక్కల గోమారు గోడ పగుళ్లలో, తలుపు చట్రాల వెనక వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్క ఒంటి మీద ఏరేసినా వారానికల్లా మళ్లీ వస్తాయి. పగుళ్లు సిమెంటుతో పూడ్చండి, పడుకునే గోనె పట్టా మార్చండి. నెలకోసారి ఇచ్చే అఫోక్సోలనర్, మూడు నెలలకోసారి ఇచ్చే ఫ్లూరలనర్ లాంటి మాత్రల గురించి డాక్టరుతో మాట్లాడండి. మీ కుక్కకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ముందే చెప్పాలి.

ఏటా జులై 6న జూనోసిస్ దినోత్సవానికి ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. అలవాటు ప్రకారం తీసుకెళ్లకుండా ముందు మీ డాక్టరుని అడగండి. ఈ మందుల మీదున్నప్పుడు ఏ టీకా ఎప్పుడన్నది ఆయన తేల్చాలి. అప్పటిదాకా వీధికుక్కలతో కలవనీయకండి.

లంక ఊళ్లవాళ్లకి ఒక మాట. మాత్రలు రెండు వారాలకి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉంచండి. ధవళేశ్వరంలో గోదావరి వరదకి మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు, అని వినగానే డబ్బా తెరిచి లెక్క చూసుకోండి. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగిపోతే కుక్క కుప్పకూలుతుంది, రక్తం సంగతి తర్వాత. ఒంట్లో తయారవాల్సిన సహజ స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది.

తగ్గించడం, ఆపడం

నెల తిరిగేసరికి చాలా కుక్కలు మామూలుగా ఉరుకుతాయి. ఇక్కడే ఎక్కువమంది మాత్రలు ఆపేస్తారు. ఆపకండి. పీసీవీ 30 దాటి, రెండు వారాలు నిలకడగా ఉంటేనే డోసులో నాలుగో వంతు తగ్గిస్తారు. తర్వాత మూడు వారాలకోసారి, ప్రతిసారీ ముందు పరీక్ష చేసి, ఇంకో నాలుగో వంతు. చిన్నికి రోజుకి 20 మిల్లీగ్రాములతో మొదలై 15, 10, 7.5, 5 అలా దిగాం. మొత్తం వైద్యం 4 నుంచి 8 నెలలు పడుతుందని మొదటి రోజే మనసులో పెట్టుకోండి. ఖర్చు కూడా ఆ లెక్కనే చూసుకోండి. నెలకెంతవుతుందో డాక్టరుని ముందే సూటిగా అడగండి, మొహమాటపడి మధ్యలో ఆపేయడం కన్నా అది నయం.

రెండు మందులు ఇచ్చినా జబ్బు లొంగకపోతే ప్లీహం తీసేసే ఆపరేషన్ ఒక దారి. మనిషి ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం ఇంకోటి, అది చాలా ఖరీదు. అన్నీ చేసినా దక్కని కుక్కలు ఉంటాయి, ముఖ్యంగా మొదటి రెండు వారాల్లో. ఊపిరాడక, తల ఎత్తలేక రోజుల తరబడి బాధపడుతుంటే నొప్పి లేకుండా నిద్రపుచ్చడం గురించి డాక్టరుతో మాట్లాడడం పాపం కాదు. ఆ మాట ఎత్తినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

గట్టెక్కిన కుక్కకి మాత్రలు పూర్తిగా ఆపాక రెండు వారాలకి, నెలకి, మూడు నెలలకి పీసీవీ చేయించండి. కొన్నిటికి తిరగబెడుతుంది, అందుకే పాత రిపోర్టులు, నోటుపుస్తకం ఒకే ఫైల్లో పెట్టి తలుపు వెనక మేకుకి తగిలించండి. చిగుళ్లు మళ్లీ పాలిపోయినట్టు కనిపిస్తే మిగిలిన మాత్రలు మీరే మొదలుపెట్టకుండా, ఆ ఫైలు చంకన పెట్టుకుని అదే రోజు బయల్దేరండి.